ఊరి నడుమ పాత ఫ్లాటా, పేరూరు వైపు కొత్త ఇల్లా? తిరుపతి వాళ్ళు చెప్పండి

లెక్కల టీచరు అడిగింది:

అందరికీ నమస్కారం. మేము బైరాగిపట్టెడలో బాడుగకు ఉంటున్నాం. ఓనరు గారి అబ్బాయి బెంగళూరు నుంచి వచ్చేస్తున్నాడట, జూన్ లోపల ఖాళీ చెయ్యమన్నారు. మళ్ళీ బాడుగ ఇల్లు వెతికే ఓపిక లేక ఈసారి కొనేద్దామని దిగాం. రెండు చూశాం. ఆ రెండింటి మీదే ఇంట్లో రోజూ పంచాయితీ.

మొదటిది కె.టి.రోడ్డు వెనక లోపలి వీధిలో ఫ్లాటు. 2006లో కట్టిన అపార్ట్‌మెంట్. కింద పార్కింగ్, పైన ఐదంతస్తులు, అంతస్తుకి రెండు ఫ్లాట్లు. మాకు చూపించింది మూడో అంతస్తులో, 1,050 చదరపు అడుగులు, డబుల్ బెడ్‌రూమ్. స్థలంలో మన వాటా 14 అంకణాలు (ఇక్కడ అంకణం అంటే 36 చదరపు అడుగులు). 58 లక్షలు చెబుతున్నారు, గట్టిగా అడిగితే ఒక లక్ష తగ్గుతారేమో. లిఫ్టు ఉంది. బండికి చోటుంది, కారుకి లేదు. మాకు కారు లేదు, ఇప్పట్లో కొనేదీ లేదు.

రెండోది పేరూరు దాటాక ఒక లేఅవుట్లో కొత్త ఇల్లు. 40 అంకణాల స్థలం, కింద మొత్తం కట్టేశారు, మిద్దె మీద ఒక గది వేసి వదిలారు. 60 లక్షలు. చుట్టూ ప్రహరీ, గేటు, ఒక జామచెట్టు పెట్టుకునేంత మన్ను.

మా సంగతి చెప్పాలి కదా. నేను ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను, స్కూటీ మీద తిరుగుతాను. మా ఆయనకు రేణిగుంట వైపు ఫ్యాక్టరీలో షిఫ్టులు, కంపెనీ బస్సు. పాప ఎనిమిదో తరగతి. మామయ్యకి వారానికి మూడుసార్లు డయాలసిస్, అలిపిరి రోడ్డులో. మాకిచ్చిన స్లాటు పొద్దున ఆరింటిది.

విచిత్రం ఏమంటే, ఆస్పత్రికి వెళ్ళేది మామయ్య, పేరూరు ఇల్లు కావాలనేదీ మామయ్యే. ఆయనది పాకాల దగ్గర పల్లె. "గాల్లో వేలాడేది ఇల్లెట్లా అవుతుంది, కాలు కింద పెడితే మన మన్ను తగలాల" అంటారు. మా ఆయన నైట్ షిఫ్టు ఉందని జారుకుంటారు. నాకు ఊళ్ళోనే ఉండాలని ఉంది. కానీ మా స్టాఫ్ రూములో ఒకావిడ, ఊరి నడుమ కొంటే భక్తుల రద్దీలో పడి సొంత వీధిలోకే రాలేవు అని భయపెట్టి పెట్టింది.

ధర తెగుతుందా లేదా అన్నది నేను చూసుకుంటాను. ఊళ్ళో కొనేటప్పుడు ఏ వీధి, ఏ బిల్డింగు అన్నది ఎట్లా తేల్చుకుంటారో, ఉండేవాళ్ళు చెప్పండి.

రేణిగుంట షిఫ్టు:

అక్కా, మీ ఆయనలాగే నేనూ అటువైపే డ్యూటీ. నన్నడిగితే ఇల్లే. ఫ్లాటు ఏటేటా పాతబడుతుంది, స్థలం ఏటేటా పెరుగుతుంది. 58 లక్షలు పోసి 14 అంకణాలు, 60 పోస్తే 40 అంకణాలు. లెక్కల టీచరు మీరే, నేను చెప్పాలా?

మేము అవిలాల వైపు కొన్నప్పుడు వీధిలైటు కూడా లేదు, ఇప్పుడు అన్నీ వచ్చాయి. పిల్లలు వీధిలో సైకిలు తొక్కుతారు. ఒక్కటే ఇబ్బంది. నైట్ షిఫ్టు దిగినప్పుడు బస్సు మెయిన్ రోడ్డు మీదే వదిలేస్తుంది, అక్కడి నుంచి ఇంటిదాకా కుక్కలు. రోడ్డు పక్కన టీ అంగడి ఆయనతో మాట్లాడుకుని బండి అక్కడ పెట్టుకుంటున్నాను.

పైపుల పని:

అమ్మా, నేను తిరుపతిలో ప్లంబింగ్ కాంట్రాక్టులు చేస్తాను. పుట్టి పెరిగింది తాతయ్యగుంట గంగమ్మ గుడి దగ్గర. ఈ ఊళ్ళో చాలా బిల్డింగులకు బయట రంగు ఎట్లుందో గుర్తుండదు గానీ లోపల పైపు ఎట్లుందో గుర్తుంటుంది. అందుకని నేను చెప్పేదంతా కొంచెం నీళ్ళ వైపు మొగ్గు చూపుతుంది, ఏమీ అనుకోవద్దు.

తిరుపతికి నీళ్ళు కల్యాణి డ్యాం నుంచి, తెలుగుగంగ కింద కండలేరు నుంచి వస్తాయి. కల్యాణి అడుగంటిన ఏడాది భారమంతా తెలుగుగంగ మీదే. కార్పొరేషన్ కుళాయి రోజూ రాని వీధులు ఉన్నాయి. కాబట్టి అపార్ట్‌మెంట్ చూడటానికి పోయినప్పుడు హాలు, వంటగది తర్వాత చూద్దురు గానీ, ముందు సంపు మూత తీయించి చూడండి. ఎంత పెద్దది, కుళాయి సంపు వేరే, బోరు సంపు వేరేనా, లేక రెండూ కలిపేశారా? కలిపేసి ఉంటే తాగే నీళ్ళు కొనుక్కోవాల్సిందే. ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకరు ఎన్నిసార్లు వచ్చిందో వాచ్‌మన్ భార్యని అడగండి. అసోసియేషన్ సెక్రటరీని అడిగితే "మాకు నీళ్ళకు లోటే లేదండీ" అంటాడు, ఆయన ఫ్లాటు కూడా రేపో మాపో అమ్ముకోవాలి కదా.

ఇక వాననీళ్ళు. కొండ మీద కురిసింది కపిలతీర్థం, అలిపిరి వైపు నుంచి దిగి, ఊరిని దాటుకుని స్వర్ణముఖిలో కలవాలి. దారిలో ఉన్న చెరువులు, కుంటలు, కాలువల మీద మనం ఇళ్ళు కట్టుకున్నాం. 2021 నవంబరులో ఏం జరిగిందో ఊరంతా చూసింది. కొర్లగుంట, గొల్లవానిగుంట, లక్ష్మీపురం సర్కిల్, ఆటోనగర్, అన్నిచోట్లా నీళ్ళే. వెస్ట్ చర్చి దగ్గర రైల్వే అండర్‌బ్రిడ్జి సంగతి సరేసరి, గట్టి వాన పడితే అటు పోయే ఆలోచనే పెట్టుకోకూడదు. ఊరి బయట క్షేమం అనుకునేవాళ్ళకు కూడా ఒక మాట: తిరుచానూరు వైపు స్వర్ణముఖి గట్టు కోసుకుపోయి కాంక్రీటు ఇల్లే నదిలో పడింది ఆ ఏడాదే. పేరూరు అయినా సరే, ఆ లేఅవుట్ పక్కన చెరువు ఉందా, దాని మరవ (చెరువు నిండితే నీళ్ళు పొర్లే దారి) ఎటు పోతుంది అని ఊరి పెద్దవాళ్ళని అడగాలి. కె.టి.రోడ్డు వెనక వీధులు కొంచెం ఎగువే గానీ ఒక్కో వీధి చివర పల్లం ఉంటుంది. పార్కింగ్‌లో స్తంభాలను కిందినుంచి మోకాలెత్తు వరకు చూడండి. కొత్త రంగు అక్కడి వరకే వేసి ఉంటే ఎందుకు వేశారో అడగండి.

మీ కొలీగ్ చెప్పిన రద్దీ నిజమే, కానీ ఊరంతా ఒకేలా ఉండదు. దర్శనానికి టైమ్ స్లాట్ టోకెన్లు ఇచ్చే విష్ణునివాసం, శ్రీనివాసం, అలిపిరి దగ్గర భూదేవి కాంప్లెక్స్ చుట్టుపక్కల ఒక రకం. స్టేషన్, బస్టాండు మధ్య లాడ్జీల వీధులు ఇంకో రకం. వాటికి రెండు వీధులు లోపలికి వచ్చేస్తే మధ్యాహ్నం పూట వీధిలో బట్టలు ఆరేసుకునేంత నిమ్మళం. 2023 సెప్టెంబరులో శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ పూర్తిగా తెరిచాక కొండకు పోయే బస్సులు చాలావరకు పైనుంచే పోతున్నాయి, కింద రోడ్డుకు కాస్త ఊపిరాడుతోంది. అయితే ఆ ఫ్లైఓవర్‌కి ఆనుకుని రెండో అంతస్తో, మూడో అంతస్తో కొంటే బస్సు కిటికీ, మన కిటికీ ఎదురెదురు. మీది లోపలి వీధి అన్నారు కాబట్టి పరవాలేదు. రాత్రి పదకొండింటికి ఒకసారి, శనివారం తెల్లవారుజామున ఒకసారి ఆ వీధిలో నిలబడి చూడండి. బ్రోకరు చూపించే ఆదివారం మధ్యాహ్నం ఏ వీధైనా బాగుంటుంది.

రద్దీ కంటే నేను ఎక్కువ చూసే విషయం ఒకటుంది. ఊరి నడుమ అపార్ట్‌మెంట్లలో కొందరు ఓనర్లు ఫ్లాటును రోజు బాడుగకు భక్తులకు ఇస్తారు. పేరుకి హోమ్‌స్టే. డబుల్ బెడ్‌రూమ్‌లో పన్నెండు మంది దిగుతారు, దర్శనానికి పోయేముందు పన్నెండు మందీ తలస్నానాలు చేస్తారు. అటువంటివి రెండు ఫ్లాట్లుంటే చాలు, మీ పాప స్కూలుకు తయారయ్యే టైముకి పైన ట్యాంకు ఖాళీ. లిఫ్టు మీద లోడు, రాత్రి రెండింటికి తాళాల కోసం ఫోన్లు, ఇవన్నీ దాని వెంటే వస్తాయి. పాపం ఆ భక్తుల తప్పేమీ లేదు. కానీ పదిలో ఎన్ని ఫ్లాట్లలో ఓనర్లు ఉన్నారు, ఎన్ని బాడుగకు, ఎన్ని రోజు బాడుగకు అన్నది మీరు ముందే తెలుసుకోవాలి. దానికి ఎవర్నీ అడగక్కర్లేదు. గుమ్మాల ముందు చూడండి. ముగ్గు, పాల ప్యాకెట్ల సంచి, పిల్లల చెప్పులు ఉంటే సంసారం. తలుపుకి నంబరు తాళం, పక్కన ఖాళీ నీళ్ళ బాటిళ్ళ మూట ఉంటే మీకే అర్థమవుతుంది.

బిల్డింగు వయసుకు వస్తే, 2006 అంటే నిలువు పైపులు జీఐవి, అంటే జింకు పూత ఇనుపవి, అయ్యుండొచ్చు. లోపల తుప్పు పేరుకుపోయి, ముప్పావు ఇంచు పైపులో పెన్సిలు దూరేంత సందు మిగులుతుంది. పొద్దున మొదటిసారి కుళాయి తిప్పితే ఎర్రనీళ్ళు రావడం దాని గుర్తు. బాత్‌రూముల వెనక పైపులు దిగే సందు, డక్ట్, ఉంటుంది కదా, కిందికి పోయి తల పైకెత్తి చూడండి. డ్రైనేజీ పైపు జాయింటు దగ్గర రావి మొక్క మొలిచి ఉంటే అక్కడ ఏళ్ళ తరబడి కారుతోందన్న మాట. మొక్క చిన్నదే, వేరు గోడలో ఉంటుంది. మీరు కొనే ఫ్లాటు కాదు, దాని పై ఫ్లాటు బాత్‌రూము చూడండి, ఎందుకంటే అది కారేది మీ సీలింగులోకే.

చివరిగా డయాలసిస్. మా పెద్దమ్మకు చేయించాం కాబట్టి చెబుతున్నాను. ఒక్కో విడత నాలుగు గంటలు. పోయేటప్పుడు మనిషి బాగానే ఉంటారు, వచ్చేటప్పుడు బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతుంటాయి. ఆ స్థితిలో ఆటోలో పది నిమిషాలకు, నలభై నిమిషాలకు చాలా తేడా. పేరూరు నుంచి పొద్దున ఐదింటికే ఆటో మాట్లాడుకోవాలి, అది కూడా గరుడసేవ రోజున అలిపిరి రోడ్డుకి. మామయ్య గారికి మన్ను ముఖ్యమే, కాదనను.

మాడవీధి కోడలు:

పైన అన్నయ్య చెప్పినదానికి ఒకటి కలుపుతాను. మేము గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో ఉంటాం, అత్తగారి తరం నుంచి. వైశాఖంలో బ్రహ్మోత్సవాలప్పుడు వాహనం తిరిగే వేళకు మా బండి బయటికి తీయలేం. ఆ టైముకి ముందే పనులు చూసుకుంటాం, లేదా నడిచి పోతాం. మే నెలలో గంగమ్మ జాతర వారమంతా బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం అని వీధుల నిండా జనం. మా ఇంటికి ఆ వారం చుట్టాలు వచ్చినట్టే లెక్క, వండుతూనే ఉంటాను. ఇదంతా నాకు అలవాటు, ఇష్టం కూడా. కానీ పుట్టినప్పటి నుంచి లేని అలవాటు డబ్బు పోసి కొనుక్కోమని మీకు చెప్పలేను.

మీరు చూసింది గుడికి అంత దగ్గర కాదు కదా. కూరగాయలు, మందుల షాపు, పాప ట్యూషన్ అన్నీ నడిచి పోయేంత దూరంలో ఉంటాయి, గుడి వీధుల గొడవ ఉండదు. నేనైతే అదే తీసుకుంటాను. ఇంకో మాట, పాప ఎనిమిది అంటున్నారు. రెండేళ్ళలో ఇంటరు. సాయంత్రం క్లాసు ఏడున్నరకు అయిపోతే ఊళ్ళో ఉంటే తనే వచ్చేస్తుంది. పేరూరు అయితే రోజూ ఎవరో ఒకరు పోయి తేవాలి. మీ ఆయనకు షిఫ్టులు కాబట్టి ఆ ఎవరో ఒకరు మీరే.

దస్తావేజుల మనిషి:

ఫ్లాటా, ఇల్లా అన్నది మీ ఇష్టం. కాగితాల సంగతి మాత్రం రెండింటికీ చూడాలి.

ముందు అంకణం. తిరుపతిలో అంకణం అంటే 36 చదరపు అడుగులు, నెల్లూరు వైపు 72. అమ్మేవాళ్ళది నెల్లూరు అయినా, బ్రోకరు అటువైపు వాడైనా చదరపు అడుగుల్లో రాయించుకోండి. మీ 14 అంకణాల వాటా అంటే 504 చదరపు అడుగులు. దస్తావేజులో అంతే ఉందా, పదిమంది వాటాలు కలిపితే మొత్తం స్థలానికి సరిపోతుందా చూడండి. ప్లానులో లేని గది మిద్దె మీద వేసి ఎవరికైనా అమ్మి ఉంటే లెక్క తప్పుతుంది.

ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపించే సర్టిఫికెట్) కనీసం ముప్ఫై ఏళ్ళకు తీయించండి. 2006లో బిల్డింగు లేచింది కాబట్టి అంతకుముందు ఆ స్థలం ఎవరిదో కూడా తెలియాలి. తిరుపతిలో మఠం భూముల గొడవలు కొత్తవి కావు, హథీరాంజీ మఠం పేరు వినని వాళ్ళు ఉండరు. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కనుక్కోండి. అందులో ఉంటే రిజిస్ట్రేషనే కాదు. పేరూరు ఇంటికి ఇంకో రెండు: లేఅవుట్‌కు తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అప్రూవల్ ఉందా, మూలం డీకేటీ పట్టా, అంటే ప్రభుత్వం అసైన్ చేసిన భూమా. "పంచాయతీ అప్రూవల్ ఉంది సార్" అన్న మాట ఒక్కదానితో బ్యాంకు లోను రాదు.

డబ్బు. 30 లక్షల పైన 75 లక్షల లోపు లోనుకు ఇంటి విలువలో 80 శాతం దాకానే ఇస్తారు. 58 లక్షల ఫ్లాటుకు మీ చేతి నుంచి 11 లక్షల 60 వేలు పడాలి. దానిపైన స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం ఏడున్నర శాతం, అంటే 4 లక్షల 35 వేలు. ఇది లోనులో కలవదు. మీరు అనుకున్న ధర కంటే ప్రభుత్వ విలువ ఎక్కువుంటే దాని మీద కడతారు. సుమారు 16 లక్షలు చేతిలో ఉంటేనే దిగండి. ధర 50 లక్షలు దాటింది కాబట్టి అమ్మేవాళ్ళకు ఇచ్చే డబ్బులోంచి 1 శాతం టీడీఎస్ (ముందే పట్టే ఇన్‌కం టాక్స్) పట్టి మీరే కట్టాలి. చాలామంది ఇది మరిచిపోయి తర్వాత నోటీసు వస్తే టెన్షన్ పడతారు. పాత ఫ్లాటు కాబట్టి జీఎస్టీ ఉండదు. బిల్డింగు వయసు చూసి బ్యాంకు లోను కాలం తగ్గించే అవకాశం ఉంది, అడ్వాన్సు ఇవ్వకముందే అడగండి.

లెక్కల టీచరు:

అందరికీ థాంక్స్. పైపుల అన్నయ్య చెప్పినట్టే పొద్దున పూట, వాచ్‌మన్ భార్య ఉన్నప్పుడు వెళ్ళాం. సంపు మూత తీయమంటే బ్రోకరు మొహం చూడాల్సింది.

కుళాయి సంపు, బోరు సంపు వేరేవేరుగానే ఉన్నాయి. పోయిన మే నెలలో ట్యాంకర్లు తెప్పించారట. పదిలో ఆరింట్లో ఓనర్లే, మూడు నెల బాడుగకు, ఐదో అంతస్తులో ఒకటి మాత్రం నంబరు తాళం. డక్ట్‌లో రావి మొక్క ఉంది, నాలుగో అంతస్తు దగ్గర. వంటింటి కుళాయిలో మొదటి చెంబు ఎర్రగానే వచ్చింది. పార్కింగ్ స్తంభాలు శుభ్రం. వీధి రాత్రి పదకొండింటికి నిశ్శబ్దంగా ఉంది, ఒక ఇంట్లో టీవీ తప్ప.

మామయ్యను కూడా తీసుకుపోయాం. లిఫ్టులో ఏమీ మాట్లాడలేదు. మిద్దె మీదికి పోయి కొండ కనిపిస్తోందా అని చూసుకుని, "కుండీల్లో వంకాయ వస్తుందా" అని అడిగారు. వస్తుందని చెప్పేశాను. పేరూరు మాట ఆ తర్వాత ఎత్తలేదు, కానీ ఒప్పుకున్నారని కూడా అనలేను.

రెండు సందేహాలు. ఆ ఎర్రనీళ్ళు, రావి మొక్క అంటే వదులుకోవాల్సినంత పెద్ద సమస్యలా? నంబరు తాళం ఫ్లాటు ఒక్కటే ఉంది, రేపు నాలుగు అయితే ఏం చెయ్యాలి?

పైపుల పని:

వదులుకోవాల్సినవి కావమ్మా, బేరానికి పనికొచ్చేవి. నిలువు పైపులు సీపీవీసీకి, అంటే తుప్పు పట్టని ప్లాస్టిక్ పైపులకు, మార్చాలి, డ్రైనేజీ జాయింటు విప్పి మొక్కను వేరుతో సహా తీసి మళ్ళీ వేయాలి. పది ఫ్లాట్లకు పంచితే తలా పాతిక, ముప్ఫై వేల దగ్గర వస్తుంది, గోడ లోపల ఎంత పాడైందో దాన్నిబట్టి కొంచెం అటూ ఇటూ. మొక్కను పైపైన కోసేసి "తీసేశామండీ" అంటారు, ఒప్పుకోవద్దు. వానాకాలం రాగానే అది మళ్ళీ మొలుస్తుంది.

రోజు బాడుగ విషయం అసోసియేషన్ మీటింగులో తీర్మానం రాయించాలి. నీళ్ళ ఖర్చు ఆ ఫ్లాటుకు వేరే వేయాలని, కొత్తగా ఎవరూ మొదలుపెట్టకూడదని. ఆరుగురు ఓనర్లు అక్కడే ఉంటున్నారంటే సంతకాలు పడతాయి, వాళ్ళకీ ఆ బాధ ఉండే ఉంటుంది. మీరు కొన్నాక అడిగితే కొత్తగా వచ్చి పెత్తనం చేస్తున్నారంటారు. అదే పని అమ్మే ఆయన చేత ఇప్పుడు చేయించండి, ఆయనకు అమ్ముడుపోవాలి కదా.

ధర లక్ష తగ్గించమని కాకుండా మూడు లక్షలు అడిగి రెండు దగ్గర ఆగండి. అడ్వాన్సు ఇచ్చేముందు డక్ట్ ఫోటోలు, కింద మోటారు బోర్డు ఫోటో ఒకటి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.